ఇంటి చప్పుళ్లు

మా ఆయన ఆఫీసుకి వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకోడు. హాల్లో సోఫా వెనక, కిటికీ పక్కన ఒక టేబులు ఉంది. అదే ఆఫీసు. పొద్దున్నే స్నానం చేసి, పైన ఇస్త్రీ చొక్కా, కింద గళ్ల లుంగీతో వంటింటి గుమ్మంలో నిలబడి "వెళ్లొస్తా హిమజా" అంటాడు. నేను గరిటె ఊపుతాను. నాలుగడుగులు వేసి కుర్చీలో కూర్చుంటాడు. మధ్యాహ్నం అన్నానికి లేచి వచ్చి, దారిలో ట్రాఫిక్ ఎక్కువగా ఉందని, అందుకే ఆలస్యమైందని చెబుతాడు. ఈ జోకు రోజూ అదే. నాకు రోజూ నవ్వే.

ఊళ్లో సగం మంది ఉద్యోగాలు ఇలా ఇళ్లల్లోకి వచ్చేశాయి. ఖాళీ అయిన ఆఫీసు భవనాలు పెళ్లి హాళ్లయ్యాయి. మా రిసెప్షన్ కూడా రుషికొండ దగ్గర అలాంటి ఒక అద్దాల మేడలోనే జరిగింది. భోజనాల గది తలుపు మీద 'గుర్తింపు కార్డు చూపించి లోపలికి రండి' అన్న బోర్డు ఇంకా అలాగే ఉంది. మా పెదనాన్న దాన్ని చదివి, జేబులు తడుముకుని, పెళ్లికూతురి పెదనాన్ననని తలుపుకి చెప్పుకున్నాడు.

మా ఇల్లు విశాఖపట్నం పెదవాల్తేరులో, ఆరో అంతస్తు. బాల్కనీలోంచి చూస్తే రెండు మేడల మధ్య సముద్రం ఒక నీలం రిబ్బను ముక్కలా కనిపిస్తుంది. పొద్దున కాఫీ, ఆ రిబ్బను ముక్క, లుంగీ మీద ఇస్త్రీ చొక్కా. ఇంతకంటే ఏం కావాలో నాకు తెలిసేది కాదు.

భార్గవని నేను "ఏమండీ" అని పిలుస్తాను. నాతో బోటనీ ఎమ్మెస్సీ చదివిన స్నేహితురాళ్లంతా వెక్కిరించారు. కానీ ఆ మాట నోట్లో చక్కిలాల ముక్కలా ఉంటుంది, వదలబుద్ధి కాదు. "ఏమండీ, నువ్వు తిన్నావా?" అంటాను. పిలుపులో ఉన్న మర్యాద మాటలోకి వచ్చేసరికి ఏమైపోతుందే అని మా అమ్మ ఫోన్లో విసుక్కుంటుంది.

ఆ పిలుపే మాకు చిక్కు తెచ్చింది. భార్గవ పనిచేసే బెంగళూరు కంపెనీ, ఇంటి దగ్గర కూర్చున్నవాళ్ల ధ్యాస ఎన్నిసార్లు చెదిరిందో లాప్‌టాప్ కెమెరాతో కనిపెట్టి వారం చివర మార్కులు పంపేది. బ్రహ్మచారిగా ఉన్నప్పుడు అతనివి మంచి మార్కులు. పెళ్లయ్యాక జారిపోయాయి. నేను ఏమండీ అంటే తల తిప్పుతాడు. కుక్కర్ విజిల్ వేస్తే తల తిప్పుతాడు. నా గాజులు గలగలమంటే తల తిప్పుతాడు. నేను కూనిరాగం తీస్తే పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చుంటాడు. ఇంట్లో ఏదైనా ఇబ్బందా అని మేనేజరు చాలా మర్యాదగా అడిగాడట. ఆ ఇబ్బంది వంటింట్లో వంకాయలు తరుగుతోంది.

ఉగాదిలోపు మార్కులు పెరగకపోతే రోజూ ఆఫీసుకి రావాలి, అంటే బెంగళూరులో ఉండాలి అన్నారు. నాకు జూన్‌లో ఇక్కడే జూనియర్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం. పెళ్లయిన ఏడాదే అతనొక ఊళ్లో, నేనొక ఊళ్లో. ఆ వారం కాఫీలో చక్కెర వెయ్యడం కూడా మర్చిపోయాను.

అప్పుడు మా వదిన ఆదుకుంది.

సుధేష్ణ వదిన భార్గవకి అక్క. మా అపార్ట్‌మెంట్‌లోనే నాలుగో అంతస్తు. మనిషి మెదడు చప్పుళ్లని ఎలా వింటుందో పరిశోధించే శాస్త్రవేత్త. సాగర్‌నగర్‌లో ఒక చిన్న ప్రయోగశాల నడిపే సంస్థలో పని. అన్నయ్యగారు ఓడలో ఇంజనీరు, ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్ల మీదే. ఐదేళ్ల కూతురు కుందనని పెంచుకుంటూ, సగం పని ఇంటినుంచి, సగం పని ప్రయోగశాలనుంచి చేసుకుంటుంది. అలా పాప అరుపుల మధ్య పనిచెయ్యలేక అవస్థపడే ఆమె 'తెర'ని కనిపెట్టింది.

చూడటానికి చింతగింజంత ఉంటుంది. చెవి వెనక అతికించుకోవాలి. వదిన తన ఇంటి గిన్నెల చప్పుళ్లు ముందే నేర్పి తెచ్చిన ఒకదాన్ని భార్గవకి పెట్టి, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, నన్ను వంటింట్లోంచి స్టీలు పళ్లెం తెమ్మంది. దాన్ని అతని వెనక నేలకేసి కొట్టింది. నేను గెంతాను. భార్గవ కదల్లేదు. అదే సమయంలో ఫోన్‌లో ఎవరో మెల్లగా దగ్గితే, ఏమైనా అన్నారా సార్ అని అడిగాడు.

నోరు తెరుచుకుని చూస్తున్న నన్ను వదిన అడిగింది. "నీ నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతోంది. ఇందాకట్నుంచి దాని చప్పుడు విన్నావా?"

ఆమె అడిగాకే విన్నాను. టకటకమంటోంది.

"చెవికి ఎప్పుడూ వినపడుతూనే ఉంది. పనికొచ్చేది కాదని మెదడు వదిలేసింది. తెర చేసేదల్లా, ఏయే చప్పుళ్లని వదిలెయ్యాలో మెదడుకి చెప్పడమే."

పని అయ్యాక తీసేస్తే అన్నీ మామూలుగా వినిపిస్తాయని చెప్పింది. ఆమె అబద్ధం చెప్పలేదు. ప్రయోగశాలలో ఎంతోమందికి పెట్టి చూశారు. టేపులో కుక్కర్లు, టేపులో పిల్లల ఏడుపులు వినిపించారు. సాయంత్రం తెర తీసేసి ఇంటికి వెళ్లినవాళ్లకి తమ ఇంట్లో తమ కుక్కర్లు చక్కగా వినిపించాయి. ఆ టేపులో ఏడ్చిన పిల్లలు ఎవరి పిల్లలూ కారు. ఆ సంగతి అప్పటికి ఎవరికీ తట్టలేదు.

వాడే ముందు తెరకి ఇంటిని పరిచయం చెయ్యాలట. ఒక పూటంతా ఇంట్లో ఉండే చప్పుళ్లన్నీ చెయ్యాలి. ఏది ఎక్కువసార్లు వింటే దాన్ని అంత గట్టిగా పట్టుకుంటుంది. నా గొంతు కూడానా అని అడిగితే, పని టైములో నీ గొంతే కదమ్మా అసలు చప్పుడు, కొంచెం మాట్లాడు చాలు అని నవ్వింది. కుందన అయితే రోజంతా వెనకాల తిరిగి 'అమ్మా, అమ్మా' అంటూ తన తెరకి నేర్పిందట. ఈ ఆట పాపకి భలే నచ్చిందట.

కొంచెం అన్న మాట నాకు పట్టలేదు. ఐదేళ్ల పిల్ల అంత బాగా నేర్పితే నేను తక్కువ తినడమా? ఎంత బాగా నేర్పితే అన్ని మార్కులు, అన్ని మార్కులొస్తే భార్గవ అంత గట్టిగా ఇక్కడే. మిక్సీ వేశాను, కుళాయి విప్పాను, కుక్కర్ చేత విజిళ్లు వేయించాను. తర్వాత "ఏమండీ" మొదలుపెట్టాను. గారాబంగా ఒకసారి, కోపంగా ఒకసారి, నిద్రమొహంతో ఒకసారి. మా అత్తగారు మామగారిని పెరట్లోంచి పిలిచినట్టు సాగదీసి ఒకసారి. నవ్వాను, గునిశాను, నాకొచ్చిన పాటలన్నీ పాడాను. పాటలైపోతే ఆవకాయ ప్యాకెట్ మీద రాసినదంతా రాగం తీసి చదివాను. భార్గవ సోఫాలో పొట్ట పట్టుకుని నవ్వుతూ దొర్లాడు. అతని చెవి వెనక చింతగింజ శ్రద్ధగా వింటూ ఉంది.

మార్కులు పెరిగాయి. ఉగాది వారంలోనే, ఇంక అతను ఇంటినుంచే పనిచెయ్యొచ్చని ఉత్తరం వచ్చింది. వదినకి మైసూర్‌పాక్ డబ్బా పట్టుకెళ్లాను.

అప్పుడు కుందనని చూశాను. తల్లి దగ్గరికి వచ్చి ముందు చున్నీ పట్టుకుని లాగింది. ఆమె చూసేదాకా ఆగింది. చూశాక, నోరు బాగా తెరిచి, మైసూర్‌పాక్ కావాలంది. పాప ఈమధ్య ఎంత బుద్ధిమంతురాలైందో చూశావా, రోజంతా అమ్మా అమ్మా అని ప్రాణం తోడేసేది, ఇప్పుడు నోరే ఎత్తదు అని వదిన మురిసిపోయింది. నేను కూడా పాప బుగ్గ గిల్లి మెచ్చుకున్నాను.

మా ఇంట్లోనూ అలాంటి ముచ్చటే ఒకటి మొదలైంది. నేను మాట్లాడుతుంటే భార్గవ నా మొహంలోకే చూసేవాడు. కళ్లు తిప్పేవాడు కాదు, నా పెదాల మీదే చూపు. పని అయ్యాక తెర తీసి డబ్బాలో పెట్టేసి, నా ఎదురుగా కూర్చుని, నేను ఏం చెప్పినా అలా చూస్తూ వినేవాడు. మూడు నెలలైనా మోజు తగ్గలేదే అని నా స్నేహితురాలు లలిత ఉడుక్కుంది. నేను పొంగిపోయాను. అద్దం ముందు నిలబడి నా పెదాల్లో అంత చూడ్డానికేముందా అని నేనూ చూసుకున్నాను.

వెనకనుంచి పిలిస్తే ఒక్కోసారి పలికేవాడు కాదు. అదీ మా అమ్మకి చెప్పాను. పెళ్లయిన మగాడు పలకకపోవడం జబ్బు కాదే, అది ముదరడం అంది.

శనివారం మధ్యాహ్నం. సెలవు. భార్గవ సోఫాలో కాళ్లు చాపుకుని చేగోడీలు తింటూ ఫోన్ చూసుకుంటున్నాడు. బయట మబ్బేసింది. బాల్కనీలో ఆరేసిన బట్టలు తీద్దామని వెళ్లాను. గాలికి అద్దాల తలుపు దభాలున మూసుకుని లోపల గడియ పడిపోయింది.

మొదట నవ్వొచ్చింది. పక్కన కిటికీ తెరిచే ఉంది, మధ్యలో దోమల జాలీ. సోఫా వీపు నావైపు. చెయ్యి చాపితే అందేంత దూరంలో అతని తల. "ఏమండీ" అన్నాను. చేగోడీ కరకరలాడింది. ఇంకొంచెం గట్టిగా పిలిచాను. వాన మొదలైంది. జల్లు మొహాన కొడుతుంటే, ఆటలు చాలు తలుపు తియ్యి అని అరిచాను.

ఎదురు మేడలో ఒక పెద్దాయన బయటికొచ్చి ఏమైందమ్మా అని అడిగాడు. పక్క బాల్కనీలోంచి ఇంకొకావిడ తొంగి చూసింది. నేను జాలీకి మొహం ఆనించి భార్గవా, భార్గవా అని పేరుపెట్టి అరుస్తున్నాను. అప్పుడు కింద వీధిలో కుక్క మొరిగింది.

భార్గవ తల తిప్పాడు.

కిటికీ వైపు కాదు, వీధి తలుపు వైపు. ఏ కుక్కో మెట్లెక్కి వచ్చిందేమోనని ఒక క్షణం చెవి ఒగ్గాడు. మళ్లీ ఫోన్‌లోకి వంగాడు. టేబులు మీద డబ్బాలో తెర ఆకుపచ్చగా వెలుగుతోంది. అతని చెవి వెనక ఏమీ లేదు.

ఇంతసేపూ తడుస్తున్నా వెయ్యని చలి అప్పుడు వేసింది.

చివరికి ఎదురు మేడ పెద్దాయనే మా వాచ్‌మన్ అప్పలస్వామికి చెప్పాడు. గోడనున్న ఇంటర్‌కమ్ మోగింది. భార్గవ ఒక్క గెంతులో అందుకున్నాడు. మేడమ్ బాల్కనీలో అరుస్తున్నారు సార్, వీధంతా వింటోంది అని అప్పలస్వామి చెప్పాడట. అతను పరిగెత్తుకొచ్చి తలుపు తీసి, తన తువ్వాలు నా నెత్తిన వేసి, తుడుస్తూ, మెల్లగా కోప్పడ్డాడు.

"పిలవొచ్చుగా, హిమజా."

నేను అతని వెనక్కి వెళ్లి నిలబడి ఏమండీ అన్నాను. కదల్లేదు. ఎదురుగా వచ్చి, తువ్వాలు ఎక్కడ ఆరెయ్యనని అడిగాను, వెంటనే జవాబు చెప్పాడు. తువ్వాలు చెంగుతో నోరు కప్పుకుని, నీకు నా మాట వినిపిస్తోందా అన్నాను. నవ్వు మొహంతో, ఏదో సరసం మొదలవబోతోందన్నట్టు చూస్తూ ఉన్నాడు. నేను ఇంకా ఏమీ అనలేదనుకుంటున్నాడు.

పడకగదిలోకి వెళ్లి తలుపేసుకుని అతని ఫోన్‌కి ఫోన్ చేశాను. ఏమండీ అన్నాను. "ఆఁ" అన్నాడు వెంటనే. తలుపుకి అవతల అతను గోడకి జారబడి కూర్చున్న చప్పుడు వినిపించింది.

"నీ గొంతు ఇలా ఉంటుందన్న సంగతే మర్చిపోయాను," అన్నాడు ఫోన్‌లో. "ఎప్పట్నుంచి, హిమజా? నువ్వు మాట్లాడుతుంటే నాకు తెలుస్తోందనే అనుకున్నాను. వింటున్నాననే అనుకున్నాను."

నా పెదాల మీద అతని చూపు గుర్తొచ్చింది. లలితతో నేను చెప్పుకున్న గొప్ప కూడా గుర్తొచ్చింది.

ఇద్దరం తడి బట్టల్తోనే నాలుగో అంతస్తుకి దిగాం. వదిన వంటింట్లో ఉప్మాకి రవ్వ వేయిస్తోంది. సంగతంతా చెబితే నమ్మలేదు. తెర తీశాక కొంతసేపు మాంద్యం ఉండొచ్చు, అంతే, అది పోతుంది అంది. నెలల తరబడి ఇంట్లో వాడుతున్నది తనే కదా, తనకేం కాలేదు కదా అంది. పరిశోధకురాలిగా చెబుతున్నాను అంటూ గరిటె ఎత్తి మాట్లాడుతోంది. చెవి వెనక ఏమీ లేదు. శనివారాలు తనూ పెట్టుకోదు.

అప్పుడు స్నానాల గది తలుపు తెరుచుకుంది. కుందన వచ్చింది. ఒంటినిండా సబ్బు నురగ, కళ్లల్లోకి పోయింది. కళ్లు మూసుకుని, గోడ పట్టుకుని, "అమ్మా, మంట, అమ్మా" అని గుక్కపట్టి ఏడుస్తోంది. వంటింటి గుమ్మందాకా వచ్చేసింది. వదిన వీపుకి మూరెడు దూరం.

వదిన చెబుతూనే ఉంది. చెవి నరాలకి ఏ హానీ లేదని, పరీక్షలన్నీ చూశామని.

భార్గవ పాప వైపు చూశాడు. నేను వదిన వైపు చూశాను. పాప ఏడుపు ఆపి, చెయ్యి గాల్లో చాపి తల్లి చున్నీ కోసం తడుముకుంది. అదెంతో అలవాటైన పనిలా చేసింది.

"వదినా," అన్నాను. "పాప ఏడుస్తోంది."

"ఎక్కడ?" అంది వదిన.

రవ్వ మాడిపోయింది. ఆ వాసన ఇప్పటికీ నాకు గుర్తే.

సోమవారం ప్రయోగశాలకి నలుగురం వెళ్లాం. అద్దాల గదిలో వదిన కూర్చుంది. తలకి తీగల టోపీ పెట్టుకుంది. బయట కంప్యూటర్ దగ్గర నన్ను కూర్చోబెట్టి, ఏ మీట నొక్కితే ఏ చప్పుడు వస్తుందో ముందే చెప్పింది. వినిపించినప్పుడల్లా వేలెత్తుతాను అంది. కంప్యూటర్ మీద రెండు గీతలు. పైది చెవిది, కిందిది మెదడుది. గంట మోగించాను. రెండు గీతలూ ఎగిరాయి, వదిన వేలెత్తింది. బస్సు హారన్, వాన, నా గొంతు. వేలు లేస్తూనే ఉంది.

కుందన గొంతు పొద్దున్నే రికార్డు చేశాం. "అమ్మా, ఇటు చూడు." ఆ మీట నొక్కాను. పై గీత ఎగిరింది. కింది గీత స్కేలు పెట్టి గీసినట్టు అలాగే ఉంది. మళ్లీ నొక్కాను. శబ్దం పెంచాను. అద్దంలోంచి మా దాకా వినిపిస్తోంది. ఆ చిన్న గది నిండా పాప గొంతు మోగుతుంటే, వదిన చేతులు ఒళ్లో పెట్టుకుని ఓపిగ్గా ఎదురుచూస్తోంది. చివరికి మైకు దగ్గరికి వంగింది.

"హిమజా, పాపది ఇంకా పెట్టలేదా?"

నా పక్కన నిలబడ్డ కుందన నా కొంగు లాగింది. వాళ్లమ్మకి చేసినట్టే, నేను చూసేదాకా ఆగి అడిగింది.

"అత్తా, అమ్మ కావాలని చెయ్యట్లేదు కదూ?"

లేదమ్మా అన్నాను. అయితే సరే అంది. ఆ పిల్ల ఎన్నాళ్లనుంచి ఆ ప్రశ్న లోపల పెట్టుకుని తిరుగుతోందో. భార్గవ గబగబా బయటికి వెళ్లిపోయాడు.

వదిన ఏడవలేదు. టోపీ తీసి, గీతలున్న కాగితం తీసుకుని చాలాసేపు చూసింది. పాప అల్లరి మానేసిందని ఓడకి ఫోన్ చేసి మరీ ఆయనకి చెప్పాను అంది, అంతే. ఆ మధ్యాహ్నమే సంస్థ పెద్దలతో మాట్లాడింది. కొన్నాళ్లు ఆగి, మాటలు మెత్తగా చేసి చెబుదామన్నారట వాళ్లు. వదిన ఆగలేదు. అప్పటికే సంస్థ నుంచి తెర కొనుక్కుని వాడుతున్న ప్రతి ఇంటికీ తనే వీడియోలో చెప్పేసింది. చింతగింజ తీసి పక్కన పెట్టండి, మీకు ఇష్టమైనవాళ్లని వెనక నిలబడి పిలవమనండి అంది.

ఆ వారమంతా ఫోన్లే. వదిన మాట్లాడలేక అలిసిపోతే కొన్ని నేను తీశాను. తల్లి మంచంలోంచి పిలిచి పిలిచి మానేసిందని ఇప్పుడే తెలిసిందని ఒకాయన విజయవాడనుంచి వెక్కిళ్లు పెట్టాడు. పాపాయి రాత్రంతా నిద్రపోతోందని సంతోషించామని ఒక జంట చెప్పి, ఇంక మాట్లాడలేక ఫోన్ పెట్టేశారు. గాజువాక ఆవిడ మాత్రం, మా ఆయనకి తెరా గిరా ఏమీ లేదమ్మా, అయినా నా మాట పన్నెండేళ్లుగా వినిపించదు, దానికేమైనా మందుందా అని అడిగింది. ఆ ఒక్క ఫోన్‌కి వదినా నేనూ నవ్వాం. నవ్వి, ఇద్దరం పక్కకి తిరిగాం.

మందు లేదు. వదిన చెప్పింది ఒక్కటే. ఇది పనికిరాని చప్పుడు అని మెదడు నేర్చుకుంది. పనికొచ్చేదని మళ్లీ నేర్పాలి. పిలుపు చెవిన పడగానే దాని వెనకే ఏదో ఒకటి జరగాలి. ఎవరో వచ్చి భుజం తట్టాలి, ఏం పిలిచారో చెప్పాలి. రోజూ, ప్రతి పిలుపుకీ అలా చెయ్యాలి. తక్కువ నేర్చినవి ముందు తిరిగొస్తాయి. ఎక్కువ నేర్చినవి చివర. నేను ఆ పూట పాడిన పాటలన్నీ గుర్తొచ్చి తల వంచుకున్నాను.

ఫోన్‌లో మాత్రం నా గొంతు అతనికి వినిపించేది. తెర ఎప్పుడూ ఫోన్ జోలికి పోలేదు కదా, అది ఆఫీసు దారి. అందుకని కొన్నాళ్లు ఒకే మంచం మీద వీపులానించుకుని కూర్చుని ఫోన్‌లో మాట్లాడుకున్నాం. అన్నానికి రమ్మని వంటింట్లోంచి ఫోన్ చేసేదాన్ని. అందులోనూ నాకు సరదా దొరికింది. లైను బిజీగా ఉంటే, ఎవరితో అని అలిగేదాన్ని.

మా వైద్యం కుదిరింది మాత్రం కుందన వల్ల. ఆ పిల్ల గొంతు భార్గవకి వినిపిస్తుంది. నా గొంతు వదినకి వినిపిస్తుంది. అందుకని వదిన, పాప మా ఇంట్లోనే ఎక్కువసేపు ఉండేవారు, లేదా మేమే కిందికి దిగేవాళ్లం. నేను ఏమండీ అంటాను. కుందన పరిగెత్తుకెళ్లి, భుజం తట్టి, "మామయ్యా, అత్త ఏమండీ అంటోంది" అని అప్పజెబుతుంది. కుందన అమ్మా అంటుంది. నేను వెళ్లి, వదినా, పాప పిలుస్తోంది అంటాను. ఇద్దరం ఒకరి గొంతు ఒకరికి అరువిచ్చుకున్నాం. కుందన ఇచ్చేది కాస్త ఎక్కువే. ఉప్పు డబ్బా అందించమని నేనంటే, అత్త ఐస్‌క్రీమ్ తెమ్మంటోంది అని చెప్పేది. అతను తెచ్చేవాడు కూడా. ఒకరోజు రెండు రకాలు తెచ్చాడు.

ముందు కుళాయి తిరిగొచ్చింది. ఎక్కడో నీళ్లు కారుతున్నాయని భార్గవ లేచి వెళ్లి కట్టేశాడు. తర్వాత మిక్సీ. ఒక ఆదివారం, అన్నం తింటూ ఆగి, ఎన్ని విజిళ్లొచ్చాయి అని అడిగాడు. ఆ ప్రశ్నకి నేను చెయ్యి కడుక్కోకుండానే అతన్ని కావిలించుకున్నాను. గాజులు వచ్చేసరికి జూన్ వచ్చేసింది. నేను కాలేజీలో చేరాను. వందమంది పిల్లలు నా గొంతు విని రాసుకుంటున్నారు. ఇంటికొచ్చి నేను పిలిస్తే మాత్రం కుందన పరిగెత్తాల్సిందే. కొన్ని సాయంత్రాలు పిలవబుద్ధి కూడా అయ్యేది కాదు. ఆ పిల్ల నా మొహం చూసి, "పిలువు అత్తా, నేను రెడీ" అనేది.

మొన్న బుధవారం. కాలేజీ నుంచి వచ్చి, పాలు పొయ్యి మీద పెట్టి, దోసపిండి కలుపుతున్నాను. రెండు చేతులకీ పిండి. భార్గవ హాల్లో ఆఫీసులో ఉన్నాడు. కుందన అతని కాళ్ల దగ్గర కూర్చుని ఏనుగుకి ఊదారంగు వేస్తోంది. పాలు పొంగడం చూసి, వైద్యం సంగతి, వరస సంగతి ఏమీ తలుచుకోకుండా, నోటికొచ్చినట్టు పిలిచాను.

"ఏమండీ, పాలు!"

కుర్చీ జరిగిన చప్పుడు. భార్గవ వంటింట్లోకి వచ్చి స్టవ్ కట్టేశాడు. కట్టేసి, చెయ్యి మీట మీదే ఉంచి, నన్ను చూశాడు. నేను అతన్ని చూశాను. కుందన గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఊదారంగు క్రేయాన్, మొహం నిండా ఉక్రోషం.

"నేనింకా చెప్పలేదు కదా, మామయ్యా."

పాలు పొంగి పొయ్యి మీంచి గట్టు మీదికి, గట్టు మీంచి నేల మీదికి కారుతున్నాయి. ఎవరమూ తుడవలేదు. భార్గవ నా పెదాల వైపు చూడట్లేదు. కళ్లు మూసుకుని నిలబడ్డాడు. "ఇంకోసారి," అన్నాడు మెల్లగా. అన్నాను. ఇంకోసారి అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

కుందన మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, ఏదో లెక్క తేల్చుకున్నట్టు తలూపింది. క్రేయాన్ గట్టు మీద పెట్టి వీధి తలుపు తీసుకుని మెట్లు దిగింది. గబగబా దిగుతున్న చిన్న పాదాల చప్పుడు. నాలుగో అంతస్తు తలుపు తెరిచే ఉంటుంది. ఆ వేళకి వదిన కిటికీ దగ్గర కూర్చుని పని చేసుకుంటూ ఉంటుంది.

నేను మెట్ల మొదట్లో నిలబడ్డాను. భార్గవ నా వెనక.

"అమ్మా," అంది కుందన కింద.

ఏమీ లేదు. ఎక్కడో లిఫ్టు కదిలింది.

"అమ్మా," అంది మళ్లీ. ఏడుపు లేదు, తొందర లేదు. తలుపు కొట్టి ఆగిన మనిషి గొంతులా ఉంది. కొంచెంసేపు ఆగింది.

తర్వాత ఆ గొంతు మెట్ల వైపు తిరిగి, పైకి, నాకోసం వచ్చింది.

"అత్తా, నువ్వు చెప్పు."

పిండి చేతుల్తోనే మెట్లు దిగాను.